డీబగ్గర్ ఎదుట బుద్ధిమంతుడు

మనం చూస్తున్నంతసేపూ చక్కగా పనిచేసి, చూపు తిప్పుకోగానే చెడిపోయే సాఫ్ట్‌వేర్ మానవజాతికి దక్కిన మహావరం! నవ్వకండి. నోయిడాలో నేను ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకునే సంసారం నెట్టుకొస్తున్నాను. అనుభవంతో చెబుతున్నాను.

పూర్తిగా చెడిపోయిన సాఫ్ట్‌వేర్‌ను బాగుచెయ్యాలి. పూర్తిగా బాగున్నదానికి కొత్త హంగులు చేర్చాలి. రెండూ శ్రమే. మరి కస్టమర్ దగ్గర చెడిపోయి, నా దగ్గర బాగుండేదాన్ని ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు! ‘మా వద్ద ఈ సమస్య కనబడలేదు’ అని ఒక్క వాక్యం రాసి, ఫిర్యాదు మూసేసి, క్యాంటీన్‌కు వెళ్ళి టీ తాగవచ్చు. ఇంతటి సుఖం వేరే ఏ ఉద్యోగంలో ఉందో చెప్పండి!

ఈ సుఖాన్ని ప్రసాదించే దేవుడి పేరు డీబగ్గర్. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది కూడా ఒక ప్రోగ్రామే. మనం రాసిన ప్రోగ్రామును తనే లేపి నడిపిస్తుంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ లాగా పక్కనే నిలబడి, అది ఎక్కడ తడబడుతుందో కనిపెడుతుంది. కొన్ని ప్రోగ్రాములు ఇన్విజిలేటర్‌ను చూడగానే తడబడటం మానేస్తాయి. డెస్క్‌టాప్ మీద బొమ్మను నొక్కి తెరిస్తే మాత్రం మళ్ళీ మొదలు!

ఇందులో వింతేముంది? మా అపార్ట్‌మెంట్ సొసైటీ లిఫ్టు రోజూ రెండు అంతస్తుల మధ్య ఆగి ధ్యానం చేస్తుంది. సెక్రటరీగారు ఎక్కిన రోజున సర్రున పైకి పోతుంది. వేసవంతా వేడిగాలి కొట్టిన ఏసీ, మెకానిక్ భయ్యా గుమ్మంలో చెప్పులు విడిచేసరికి మంచు కురిపిస్తుంది. మా అబ్బాయి దీపు పుస్తకం ముందు కూర్చునేది నేను వెనకాల నిలబడ్డప్పుడే. “పఢ్ రహా హూఁ పాపా” అని, చదువుతున్నట్టుగా తెలుగు తండ్రికి హిందీలో భరోసా ఇస్తాడు. నేను వంటింట్లోకి వెళ్ళానో లేదో, వాడి గదిలో క్రికెట్ కామెంటరీ!

ఇన్ని గొప్ప ఉదాహరణల మధ్య బతుకుతూ, మా సాఫ్ట్‌వేర్ ఒక్కటే పద్ధతి తప్పి ప్రవర్తించాలా?

మా కంపెనీ టైపింగ్ పరీక్షల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. కేంద్ర ప్రభుత్వంలో కొన్ని ఉద్యోగాలకు రాతపరీక్ష నెగ్గితే చాలదు, టైపింగ్ పరీక్ష కూడా నెగ్గాలి. ఢిల్లీలోని లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్లలో పిల్లలు మా సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని సాధన చేస్తారు. అది వాళ్ళ వేగం చూసి, తప్పులు పట్టి, ఫలితం దాచిపెడుతుంది. ఫలితం ఉంటే హాజరైనట్టు, లేకపోతే రానట్టు. అంత నిక్కచ్చి మనిషి... క్షమించాలి, అంత నిక్కచ్చి యంత్రం.

గత చలికాలంలో ఒక మధ్యాహ్నం మా సపోర్ట్ విభాగం వాళ్ళు ఒక ఫోన్ నాకు తిప్పారు. ఎవరో తెలుగమ్మాయి, హిందీలో ఎన్నిసార్లు చెప్పినా లాభం లేక, మీ ఆఫీసులో తెలుగువాళ్ళుంటే ఇవ్వమని పట్టుబట్టిందట.

“అంకుల్, మీరు తెలుగోళ్ళేనా?”

అంకుల్ అన్నందుకు మనసు చివుక్కుమంది. అయినా వృత్తిధర్మం కాబట్టి అవునన్నాను.

“నా పేరు శరణ్య. మాది జగిత్యాల. ఇక్కడ పీజీ హాస్టల్ల ఉంటున్న. రోజూ ఇన్‌స్టిట్యూట్‌కు పోయి టైపింగ్ టెస్టు రాస్తున్న. మీ సాఫ్ట్‌వేరేమో నేను రాలేదని చూపిస్తున్నది.”

“టెస్టు అయ్యాక సేవ్ నొక్కుతున్నావా అమ్మా?”

“నొక్కుతున్న. ‘అభినందనలు! మీ ఫలితం భద్రపరచబడింది’ అని వస్తది. తెల్లారి తెరిస్తే ఏం ఉండది.”

అభినందనలు చెప్పిందంటే మర్యాద తెలిసిన సాఫ్ట్‌వేరే కదా! నేను ఫోన్ పట్టుకునే డీబగ్గర్‌లోంచి మా ప్రోగ్రామును నడిపాను. నాలుగు వాక్యాలు కొట్టాను. సేవ్ చేశాను. మూసి మళ్ళీ తెరిచాను. నా ఫలితం నిక్షేపంలా ఉంది.

“మా దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా!” అన్నాను సంతోషంగా.

“మీ దగ్గర పనిచేస్తే నాకేం లాభమంకుల్?”

చూశారా, ఈ కాలం పిల్లలు ఎంత అన్యాయమైన ప్రశ్నలు వేస్తారో!

ఆ అమ్మాయి అంతటితో వదల్లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లు తక్కువ, వాటి కోసం కాచుకున్నవాళ్ళు ఎక్కువ. సరిగ్గా రానివాళ్ళ సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. “ఈ వారం గూడ గిట్లనే ఉంటే మా ఇన్‌స్టిట్యూట్ సార్ నా సీటు తీసేస్తా అన్నరు. రాతపరీక్ష పాసై కూసున్న. వచ్చే నెల టైపింగ్ పరీక్ష. నాకు సొంత కంప్యూటర్ లేదంకుల్” అంది. చివర్లో గొంతు కొంచెం వణికింది. అది నెట్‌వర్క్ సమస్య అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మావాళ్ళు దేన్నయినా మొదట నెట్‌వర్క్ మీదకే నెడతారు.

ఫిర్యాదు మూసేద్దామనుకుంటే మా టెస్టర్ నేహా అడ్డం పడింది. ఢిల్లీ పిల్ల. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. తప్పులు దొరికినప్పుడు ఆమె ముఖంలో కనిపించే ఆనందం నాకు ఏనాడూ నచ్చలేదు.

“సర్, మేరే యహా భీ సేవ్ నహీ హో రహా” అంది. తన దగ్గరా సేవ్ కావడం లేదట! ఆమె మామూలు మనుషుల్లాగా డెస్క్‌టాప్ మీద బొమ్మను నొక్కి తెరిచింది. అదీ ఆమె చేసిన పొరపాటు.

నేను ఆమె సీటు దగ్గరకు వెళ్ళాను. నా పాస్‌వర్డ్ కొట్టి, డీబగ్గర్ తెరిచి, అందులోంచి నడిపాను. భేషుగ్గా సేవ్ అయింది. నేహా మళ్ళీ బొమ్మ నొక్కి తెరిచి తను రాసింది. నేను రాసింది ఉంది, తను రాసింది లేదు. మళ్ళీ నేను, మళ్ళీ ఉంది. మళ్ళీ తను, మళ్ళీ లేదు.

నేహా కుర్చీలో వెనక్కి వాలి, “సర్, యే ఆప్‌సే డర్తా హై” అంది.

నేనంటే భయమట! ఇంట్లో ఎవరూ భయపడరు. ఆఫీసులో అసలే భయపడరు. కనీసం ఒక ప్రోగ్రామైనా భయపడుతోందంటే, నిజం చెప్పొద్దూ, లోలోపల కొంచెం గర్వంగానే అనిపించింది.

మా మేనేజర్ పృథ్వీరాజ్ సంగతి విని కాసేపు పైకప్పు చూశాడు. మేనేజర్లకు ఆలోచనలు అక్కడే దొరుకుతాయి.

“డీబగ్గర్‌లో పనిచేస్తోందిగా?”

“చేస్తోంది.”

“అయితే డీబగ్గర్‌ను కూడా కలిపి కస్టమర్‌కు ఇచ్చేద్దాం!”

వైద్యుడి ఎదుట దగ్గు ఆగిపోయింది కాబట్టి రోగి ఇంటికి వైద్యుణ్ణి కూడా పంపించేయడమన్నమాట! ఆ ఆలోచనకు నేను చప్పట్లు కొట్టబోయాను. నేహా నా వైపు చూసిన చూపుకు చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. చివరికి నన్నే లక్ష్మీ నగర్ వెళ్ళిరమ్మన్నాడు పృథ్వీరాజ్. సమస్య పరిష్కరించడానికి కాదు సుమా. సమస్య లేదని కస్టమర్‌కు నచ్చజెప్పి రావడానికి.

ఇన్‌స్టిట్యూట్ యజమాని భీమేశ్వరరావుగారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. తెలుగు పిల్లలంటే అభిమానం. కాగితం అంటే అంతకంటే అభిమానం. నన్ను కూర్చోబెట్టి, తన టేబుల్ మీది కంప్యూటర్ వైపు ప్రేమగా చూపించారు.

“మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లోపం లేదండీ రఘునందన్ గారూ. నేను రోజూ పరీక్షించి చూస్తాను. ఈ ఆడపిల్లలే రావడం లేదు. వాళ్ళు కూర్చునే వెనక గదిలో ఒక్కరికీ హాజరు లేదు. ముఖ్యంగా ఆ శరణ్య.”

గుమ్మం దగ్గర చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. “మరి ఈ అమ్మాయి ఎవరండీ?” అని అడిగాను.

“ఆవిడే శరణ్య.”

“వచ్చింది కదండీ?”

“మనిషి వచ్చింది. రికార్డు ప్రకారం రాలేదు.”

“రోజూ ఎదురుగా కనబడుతూనే ఉంటుంది కదా?”

“కనబడటం వేరు, రికార్డు వేరు రఘునందన్ గారూ. కనబడిన ప్రతిదీ నమ్మి ఉంటే నేను ముప్ఫయ్యేళ్ళు సర్వీసు చేసేవాణ్ణా?”

శరణ్య నా వైపు చూసింది. రాలేదని మా సాఫ్ట్‌వేర్ చెప్పిన మనిషి నిక్షేపంగా నా ముందు నిలబడి ఉంది. నచ్చజెప్పడానికి తెచ్చుకున్న మాటలు కట్టిపెట్టి, ఆమె కంప్యూటర్ చూపించమన్నాను.

వెనక గదిలో అమ్మాయిలు కంప్యూటర్ల ముందు కూర్చుని టకటకా కొడుతున్నారు. రికార్డు ప్రకారం గది ఖాళీ. నేను శరణ్య కంప్యూటర్‌లో డీబగ్గర్ పెట్టబోతే, తెర మీద ఒక పెట్టె లేచి అధికారి పాస్‌వర్డ్ అడిగింది. విద్యార్థుల పేరు మీద తెరిచిన కంప్యూటర్ కాబట్టి పెద్దసారు అనుమతి కావాలట. భీమేశ్వరరావుగారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, మమ్మల్నందరినీ గోడవైపు తిరగమని, ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టారు.

డీబగ్గర్ లేచింది. అది మా ప్రోగ్రామును లేపింది. నేను రాశాను. ఫలితం సేవ్ అయింది.

“చూశావా అమ్మా!” అన్నారు భీమేశ్వరరావుగారు విజయగర్వంతో.

శరణ్య కుర్చీలో కూర్చుని, అన్నీ మూసేసి, బొమ్మ నొక్కి తెరిచి రాసింది. ఎంత వేగంగా కొట్టిందంటే, అంత వేగంగా నేను తప్పులు కూడా కొట్టలేను. అభినందనలు వచ్చాయి. మూసి తెరిచింది. ఏమీ లేదు.

“ఇప్పుడు మీరు చూడుండ్రి సార్” అంది.

నేను మాత్రం ఆ పాస్‌వర్డ్ పెట్టె గురించే ఆలోచిస్తున్నాను. నా ఆఫీసులోనూ అంతే కదా. పొద్దున్నే డీబగ్గర్ తెరుస్తాను, పెట్టె లేస్తుంది, పాస్‌వర్డ్ కొడతాను. ఎన్నేళ్ళుగానో వేళ్ళు వాటంతటవే కొట్టేస్తున్నాయి. నేహా సీటు దగ్గరా అదే చేశాను. మా ప్రోగ్రాముకు డీబగ్గర్ తోడుండటం ఒక తేడా. అధికారి పాస్‌వర్డ్ పడటం రెండో తేడా. ఇన్నాళ్ళూ మొదటిదాన్నే పట్టుకుని వేలాడాను!

“మాస్టారూ, ఈసారి డీబగ్గర్ వద్దు. మీ పాస్‌వర్డ్‌తో ఈ బొమ్మను మాత్రం తెరవండి” అన్నాను.

మళ్ళీ మేమందరం గోడవైపు తిరిగాం. ఆయన తెరిచారు. శరణ్య రాసింది. మూసి తెరిచింది. ఫలితం ఉంది!

గదిలో టకటకలు ఆగిపోయాయి. అమ్మాయిలందరూ మా చుట్టూ చేరారు.

విషయం ఇది. మా ప్రోగ్రాము ఫలితాలను ఒక ఫోల్డర్‌లో దాస్తుంది. ఆ ఫోల్డర్‌లో రాయడానికి అధికారులకే హక్కుంది, మామూలువాళ్ళకు లేదు. డీబగ్గర్‌ను నేను అధికారి హోదాలో తెరుస్తాను కాబట్టి, అది లేపిన ప్రోగ్రాముకూ అదే హోదా వచ్చేది. మామూలు మనిషి బొమ్మ నొక్కి తెరిస్తే ఆ హోదా రాదు. తలుపు దగ్గరే గెంటేస్తారు. పోనీ గెంటేశారని చెప్పిందా? లేదు! ‘రాయడం కుదరకపోతే ఏం చెయ్యాలి’ అన్న చోట ఎవరో ‘ఏమీ చెయ్యవద్దు, అభినందనలు చెప్పు’ అన్నట్టుగా రాసిపెట్టారు. ఎవరో అంటే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినాయన. ఏ కంపెనీలోనైనా తప్పులన్నీ చేసేది ఆయనే.

“ఇదివరకు బాగానే ఉండేది కదండీ?” అన్నారు భీమేశ్వరరావుగారు.

అడగ్గా అడగ్గా తేలింది. ఇదివరకు అన్ని కంప్యూటర్లూ ఆయన పేరు మీదే తెరిచేవారు. ఒక రోజున ఎవరో వెనక గది కంప్యూటర్ తెర మీద సినిమా హీరో ఫొటో పెట్టారు. ఆయనకు కోపం వచ్చి, ఆ గది విద్యార్థినులకు ఏ హక్కులూ లేని వేరే ఖాతాలు చేయించారు. ఆ రోజు నుంచి హాజరు నిల్.

“అందరూ ఒకేసారి మానేశారంటే మీకు అనుమానం రాలేదా మాస్టారూ?”

“వచ్చింది. ఫొటో తీయించేశానని అలిగారనుకున్నాను.”

పృథ్వీరాజ్‌కు ఫోన్ చేసి చెప్పాను. “సింపుల్! అందరికీ సారు పాస్‌వర్డ్ ఇచ్చేయమనండి” అన్నాడు. ఆ మాట స్పీకర్‌లో విని భీమేశ్వరరావుగారు కీబోర్డును రెండు చేతులతోనూ గుండెకు హత్తుకున్నారు. “నా పాస్‌వర్డా? పిల్లలకా?”

ఇక చేసేదేముంది? బాగుచెయ్యాల్సి వచ్చింది. ఎవరి ఫలితం వాళ్ళ సొంత ఫోల్డర్‌లో దాచేలా మార్చాను. దాచలేకపోతే దాచలేదని ఒప్పుకునేలా కూడా మార్చాను. నేహా బొమ్మ నొక్కి నొక్కి చూసింది. ఏ లోపమూ దొరక్క, “హో గయా సర్” అంది నీరసంగా.

మార్చిన సాఫ్ట్‌వేర్ పెట్టడానికి మళ్ళీ లక్ష్మీ నగర్ వెళ్ళేసరికి వెనక గది గోడ మీద ఒక నోటీసు అంటించి ఉంది. ‘ఇంతవరకు గైర్హాజరైన విద్యార్థినులను మానవతా దృక్పథంతో క్షమించి, వారి సీట్లను యథాతథంగా కొనసాగించడమైనది.’ కింద భీమేశ్వరరావుగారి సంతకం.

నాకైతే ముచ్చటేసింది. సీట్లు దక్కాయి. ఇంకేం కావాలి?

శరణ్య మాత్రం కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడింది. 

“ఎవల్ని క్షమించిండ్రు సార్?” అని భీమేశ్వరరావుగారిని అడిగింది.

“మిమ్మల్నేనమ్మా. పెద్ద మనసు చేసుకుని.”

“మేం తప్పు చేస్తే గద సార్ క్షమించేది? రోజూ వచ్చినం. రోజూ రాసినం. వచ్చినమని మీకు రోజూ చెప్పినం. రానోళ్ళను క్షమించినట్టు ఎందుకు రాసిండ్రు?”

“సీటు పోలేదు కదమ్మా! కూర్చో, కూర్చో.”

“కూసుంటే రాలేదని ఒప్పుకున్నట్టయితది సార్.”

గొంతు పెంచలేదు. వేళ్ళు మాత్రం కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నాయి. పరీక్ష దగ్గర పడుతోంది. ఆ కుర్చీలో కూర్చోకపోతే నష్టపోయేది తనే. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. పక్క కుర్చీలో అమ్మాయి లేచింది. ఆ వెనక ఇంకొకామె. కాసేపట్లో గదిలో కూర్చున్నవాళ్ళెవరూ లేరు. ఈసారి గది నిజంగానే గైర్హాజరైంది.

భీమేశ్వరరావుగారు నా వైపు తిరిగారు. “మీరు చెప్పండి రఘునందన్ గారూ. కంపెనీ తరఫున చెప్పండి.”

తప్పు మాది అని కంపెనీ తరఫున ఎక్కడా అనకూడదని పృథ్వీరాజ్ నాకు ముందే గట్టిగా చెప్పి పంపాడు. నేను ఆ అమ్మాయిల వంక చూశాను.  

“తప్పు మా సాఫ్ట్‌వేర్‌ది మాస్టారూ. వీళ్ళు రోజూ వచ్చారు” అన్నాను.

ఆయన గోడ దగ్గరకు నడిచారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, నోటీసు మీద రెండు గీతలు కొట్టి, పైన పొందికైన అక్షరాలతో రాశారు. ‘విద్యార్థినులు ప్రతిదినం హాజరైనారు. కంప్యూటరు గైర్హాజరైనది.’ పక్కన పొట్టి సంతకం కూడా చేశారు. దిద్దుబాటుకు సంతకం లేకపోతే చెల్లదు కదా!

ఎవరో కిసుక్కున నవ్వారు. కుర్చీలు కిర్రుమన్నాయి. శరణ్య కూర్చుని, కళ్ళు తుడుచుకుని, టైపింగ్ మొదలుపెట్టింది. ఆ తర్వాతి నెలలో పరీక్ష నెగ్గింది. ఇప్పుడు ఇక్కడే ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా అంకుల్ అనే పిలుస్తోంది. అలవాటు పడ్డాను.

కొత్త వెర్షన్‌తో పాటు మా కంపెనీ విడుదల చేసిన ప్రకటనలో ‘చిన్నచిన్న మెరుగుదలలు చేశాం’ అని ఉంది. గదినిండా అమ్మాయిలు రోజుల తరబడి తాము ఉన్నామని చెబుతూ వచ్చారు, లేరని యంత్రం చెప్పింది, మేమందరం చదువుకున్నవాళ్ళం కాబట్టి యంత్రాన్ని నమ్మాం. నాకు హక్కులున్నాయి, పని జరిగింది. మాస్టారికి హక్కులున్నాయి, పని జరిగింది. పని జరగడం లేదన్న ఫిర్యాదు నిజమా కాదా అని తేల్చే పని కూడా మా ఇద్దరిదే! ఇంత చక్కటి ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

పృథ్వీరాజ్ ఈ మధ్యే కొత్త నియమం పెట్టాడు. ఇకనుంచి మేమందరం మామూలు మనుషుల్లాగే, ఏ అధికారాలూ లేని ఖాతాలతో పనిచెయ్యాలి. తను తప్ప. అందరం చప్పట్లు కొట్టాం.

మర్నాడు ప్రింటర్ నా కాగితాలు తీసుకోలేదు. ఐటీ విభాగానికి టికెట్, అంటే ఫిర్యాదు, పెట్టాను. ఒకాయన వచ్చి, నా కీబోర్డు మీద తన పాస్‌వర్డ్ కొట్టాడు. ప్రింటర్ వెంటనే గలగలా కాగితాలు కక్కింది.

“అయ్యా, మీరు లేకుండా ఒక్కసారి నేను నొక్కుతాను, చూడండి” అని హిందీలో బతిమాలాను.

ఆయన అప్పటికే తలుపు దాటేశాడు. “సర్, టికెట్ క్లోజ్ హో గయా!”